అప్పుడప్పుడు వచ్చి మాయమయ్యే గ్లిచ్‌ని పాత ఆసిలోస్కోప్‌తో పట్టుకోవడం ఎలా?

గ్లిచ్ అంటే సిగ్నల్‌లో క్షణకాలం వచ్చి పోయే తేడా. ఆసిలోస్కోప్ (క్లుప్తంగా స్కోప్) అంటే వోల్టేజీ కాలంతో ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే పరికరం. వాటర్ పంపు కంట్రోలర్ బోర్డు ఒకటి టేబుల్ మీదకు వచ్చిందనుకోండి. లోపల ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్, 12 వోల్టుల రిలే, ఆ రిలే నడిపే కాంటాక్టర్ (పంపు మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్). కంప్లైంట్ ఒక్కటే: ఎప్పుడో ఒకసారి దానంతట అదే రీసెట్ అవుతుంది. మల్టీమీటర్ పెడితే 5 వోల్టులు సరిగ్గానే ఉంటాయి. స్కోప్ పెడితే నున్నటి గీత కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి మైక్రోకంట్రోలర్ మార్చేస్తారు, లేదా మంచి స్కోప్ లేకపోవడమే సమస్య అనుకుంటారు.

ఇలాంటి పనికి లక్షల ఖరీదు చేసే కొత్త స్కోప్ అక్కర్లేదు. 1997లో వచ్చిన టెక్ట్రానిక్స్ టీడీఎస్ 210 లాంటి పాత డిజిటల్ స్కోప్ సరిపోతుంది. పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఉండే 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌ఓతో (అనలాగ్ స్కోప్) కూడా చాలావరకు పని జరుగుతుంది. కాకపోతే ఒక అలవాటు మార్చుకోవాలి. స్క్రీన్ మీద గ్లిచ్ కోసం కళ్ళు పెట్టుకుని చూడటం మానేసి, గ్లిచ్ వచ్చినప్పుడు మాత్రమే స్కోప్ కదిలేలా సెట్ చేయాలి.

కళ్ళప్పగించి చూస్తే ఎందుకు దొరకదు

డిజిటల్ స్కోప్ నిరంతరం చూస్తున్నట్టు కనిపిస్తుంది కానీ నిజానికి చూడదు. ఒక తెర నిండా శాంపిళ్లు (వోల్టేజీ కొలతలు) తీసుకుంటుంది, వాటిని గీస్తుంది, మళ్ళీ ట్రిగర్ కోసం, అంటే గీత మొదలుపెట్టమనే సంకేతం కోసం, సిద్ధమవుతుంది. ఈ మధ్యలో ఏం జరిగినా దానికి తెలియదు. లెక్క వేసి చూద్దాం. డివిజన్‌కి (తెర మీది ఒక గడికి) 1 మైక్రోసెకను చొప్పున పది డివిజన్లంటే తెర వెడల్పు 10 మైక్రోసెకన్లు. సెకనుకి వంద తెరలు గీసే స్కోప్ అయితే సెకనులో అది చూసింది ఒక్క మిల్లీసెకను. మిగతా 99.9 శాతం సమయం రెప్ప వేసుకునే ఉంది.

మామూలు సిగ్నల్ మీద ట్రిగర్ అయ్యే స్కోప్‌కే ఈ గుడ్డి సమయం ఉంటుంది. అసాధారణమైన దానికే ట్రిగర్ అయ్యేలా పెడితే స్కోప్ ఒకే స్థితిలో, పూర్తిగా మేలుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి గ్లిచ్ వచ్చేదాకా దానికి గుడ్డి సమయం అనేదే లేదు. పాత స్కోప్‌కీ కొత్త స్కోప్‌కీ మధ్య ఉన్న తేడాలో సగం ఇక్కడే తీరిపోతుంది.

స్కోప్ ఆన్ చేసే ముందు రెండు పనులు

మొదటిది, రీసెట్‌కి కారణమేంటో మైక్రోకంట్రోలర్‌నే అడగండి. ఏటీమెగా328పీలో ఎంసీయూఎస్ఆర్ అనే రిజిస్టర్ ఉంటుంది. రీసెట్ పవర్ ఆన్ వల్ల వచ్చిందా, రీసెట్ పిన్ వల్లా, బ్రౌన్‌ఔట్ (సప్లై వోల్టేజీ మరీ పడిపోవడం) వల్లా, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే రీసెట్ చేసే టైమర్) వల్లా అన్నది అందులోని నాలుగు బిట్లు చెబుతాయి. ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని చదివి సీరియల్ పోర్టుకి పంపేయండి. కొన్ని బూట్‌లోడర్లు (అసలు ప్రోగ్రామ్ కంటే ముందు నడిచే చిన్న కోడ్) ఆ రిజిస్టర్‌ని ముందే తుడిచేస్తాయి కాబట్టి వీలైతే బూట్‌లోడర్ లేకుండా ప్రోగ్రామ్ ఎక్కించి చూడండి. వాచ్‌డాగ్ బిట్ వస్తే తప్పు చాలావరకు కోడ్‌లో ఉంటుంది, స్కోప్ కంటే ముందు అక్కడ వెతకాలి. బ్రౌన్‌ఔట్ అయితే 5 వోల్టుల లైన్‌నీ, రీసెట్ పిన్ అయితే ఆ పిన్‌నీ చూడాలి. ఈ ఐదు నిమిషాల పని చేస్తే ప్రోబ్ ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

రెండోది ప్రాణాలకు సంబంధించింది. చౌక పంపు కంట్రోలర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్‌తో కరెంటును పరిమితం చేసి నేరుగా 230 వోల్టుల నుంచే సప్లై తీస్తారు. అలాంటి బోర్డులో గ్రౌండ్ అని రాసి ఉన్న చోట కూడా ఫేజ్ ఉండవచ్చు. స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లోపల మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. అది అలాంటి చోట తగిలితే మంటలు వస్తాయి. దీనికి విరుగుడుగా స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి, అలా చేస్తే స్కోప్ బాడీ మొత్తం లైవ్ అవుతుంది. బోర్డును ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరు సంబంధం తెంచేది) ద్వారా నడపండి, లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌కి కలపకుండా రెండు బిందువుల మధ్య తేడా కొలిచేది) వాడండి. కాంటాక్టర్ వైపు మామూలు ప్రోబ్ పెట్టనే వద్దు. ఇక్కడి నుంచి చెప్పేదంతా విడిగా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే బోర్డు గురించి.

ప్రోబ్ పెట్టే తీరు

ప్రోబ్ మీది స్విచ్ 10ఎక్స్ వైపు ఉండాలి. 1ఎక్స్‌లో చాలా ప్రోబ్‌ల బ్యాండ్‌విడ్త్ (సరిగ్గా చూపగల ఫ్రీక్వెన్సీ హద్దు) 6 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు పడిపోతుంది. సన్నటి గ్లిచ్ మొండిగా, గుండ్రంగా మారిపోతుంది లేదా కనిపించకుండానే పోతుంది. ఛానెల్ మెనూలో 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్‌లో ఉంటే తీసేయండి.

స్కోప్ ఎంత వేగమైన అంచును చూపగలదో తెలియాలంటే 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగించండి. 60 మెగాహెర్ట్జ్ స్కోప్‌కి దాదాపు 5.8 నానోసెకన్లు, 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌ఓకి 17.5 నానోసెకన్లు వస్తుంది. అంతకన్నా వేగమైనవి పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తాయి. మైక్రోకంట్రోలర్‌ని రీసెట్ చేసే సప్లై డిప్‌లు సాధారణంగా మైక్రోసెకన్లలో ఉంటాయి కాబట్టి భయం లేదు.

కొలవాల్సింది సప్లై కనెక్టర్ దగ్గర కాదు, ఐసీ పిన్నుల దగ్గర. ప్రోబ్ మొన వీసీసీ (సప్లై) పిన్‌కి, గ్రౌండ్ దాని పక్కనే ఉన్న జీఎన్‌డీ పిన్‌కి తగలాలి. 15 సెంటీమీటర్ల గ్రౌండ్ వైరుకి సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ కెపాసిటెన్స్‌తో కలిసి అది 100 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పైగా పక్కన రిలే కొట్టుకున్నప్పుడల్లా ఆ లూపు యాంటెనాలా పనిచేసి లేని గ్లిచ్‌ని చూపిస్తుంది. ప్రోబ్ కొన దగ్గరి లోహపు రింగుకి సన్నటి తీగ నాలుగు చుట్లు చుట్టి, దాని చివరను గ్రౌండ్ పిన్‌కి సోల్డర్ చేసేయండి. చేత్తో పట్టుకుని గంటలు కూర్చోలేం కదా, సోల్డర్ చేయడమే నయం.

ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. ప్రోబ్ మొననూ గ్రౌండునూ రెండింటినీ ఒకే జీఎన్‌డీ పిన్‌కి తగిలించి రిలేని ఆన్ ఆఫ్ చేయండి. అక్కడ గీత కదలకూడదు. స్పైక్ కనిపిస్తే అది గాల్లోంచి, గ్రౌండ్ లూపులోంచి వస్తున్నదే. దాని ఎత్తెంతో రాసి పెట్టుకోండి. తర్వాత దొరికే ఏ గ్లిచ్‌నైనా దీనితో పోల్చుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా దొరికిన గ్లిచ్‌ని నేను నమ్మను.

ట్రిగర్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ముందు మామూలుగా ఎంత రిపుల్ (సప్లై మీది చిన్న అలలు) ఉందో తెలుసుకోవాలి. ఛానెల్‌ని ఏసీ కప్లింగ్‌లో పెట్టి, డివిజన్‌కి 200 మిల్లీవోల్టులు ఇవ్వండి. 5 వోల్టుల డీసీ పక్కకు పోయి దాని మీది కదలిక మాత్రమే పెద్దగా కనిపిస్తుంది. డిజిటల్ స్కోప్‌లో డిస్‌ప్లే మెనూలోకి వెళ్ళి పర్సిస్టెన్స్‌ని ఇన్ఫినిట్ చేసి కొన్ని నిమిషాలు వదిలేయండి. గీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఒక పట్టీలా తయారవుతాయి. అది ప్లస్ ఆర్ మైనస్ 60 మిల్లీవోల్టులు ఉందనుకుందాం. ఈ పట్టీ బయట ఏది వచ్చినా అది అసాధారణమే.

ఇప్పుడు ట్రిగర్ మోడ్‌ని ఆటో నుంచి నార్మల్‌కి మార్చండి. ఆటోలో ట్రిగర్ రాకపోయినా స్కోప్ కొంతసేపు చూసి తనంతట తానే గీసేస్తుంది. అందుకే తెర ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గ్లిచ్ మాత్రం జారిపోతుంది. స్లోప్ కిందికి దిగే అంచుకి పెట్టండి. లెవెల్‌ని పట్టీ కిందికి, మైనస్ 300 మిల్లీవోల్టుల దగ్గరికి తీసుకెళ్ళండి. ట్రిగర్ కప్లింగ్ డీసీలో ఉండాలి. హెచ్ఎఫ్ రిజెక్ట్ గానీ నాయిస్ రిజెక్ట్ గానీ ఆన్‌లో ఉంటే మీరు వెతుకుతున్నదాన్నే స్కోప్ వడపోసి పారేస్తుంది.

తెర ఖాళీ అయిపోతుంది, లేదా పాత గీత అలాగే నిలిచిపోతుంది. చాలామందికి ఇది చూస్తే టెన్షన్, స్కోప్ ఆగిపోయిందేమోనని మళ్ళీ ఆటో నొక్కేస్తారు. ఖాళీ తెర అంటే స్కోప్ సరిగ్గా కాపలా కాస్తోందని అర్థం.

మైనస్ 300 ఎందుకంటే, బ్రౌన్‌ఔట్ ఫ్యూజ్ (కాలిపోయే ఫ్యూజ్ కాదు, చిప్‌లోని సెట్టింగ్) 4.3 వోల్టులకు పెట్టి ఉంటే రీసెట్ అవడానికి 5 వోల్టుల లైన్ 700 మిల్లీవోల్టులు కుంగాలి. దానికి సగం కూడా లేని లోతులో లెవెల్ పెడితే రీసెట్ చేయని చిన్న డిప్‌లు కూడా దొరుకుతాయి. పెద్దవి అరుదుగా వస్తాయి, వాటికి కారణమైన చిన్నవి తరచుగా వస్తాయి. అరుదైనదాని కోసం రోజంతా ఎదురుచూసే బదులు దాని తమ్ముళ్ళను పట్టుకుంటే కారణం త్వరగా బయటపడుతుంది.

రీసెట్ పిన్ మీద అనుమానం ఉంటే ఏసీ కప్లింగ్ వద్దు. డీసీలో పెట్టి, లెవెల్ 4 వోల్టుల దగ్గర, కిందికి దిగే అంచు. ఏటీమెగా328పీలో ఆ పిన్ 2.5 మైక్రోసెకన్లకు మించి లోగా ఉంటే రీసెట్ ఖాయం. అంతకన్నా సన్నటి పల్స్‌కి రీసెట్ కాదన్న హామీ మాత్రం లేదు.

టైమ్‌బేస్, పీక్ డిటెక్ట్

టీడీఎస్ 210కి మెమరీ 2500 పాయింట్లే. డివిజన్‌కి 1 మిల్లీసెకను పెడితే తెర 10 మిల్లీసెకన్లు, అంటే రెండు శాంపిళ్ల మధ్య దూరం 4 మైక్రోసెకన్లు. అర మైక్రోసెకను గ్లిచ్ ఆ సందులో పడిపోయే అవకాశం ఎనిమిదింట ఏడు పాళ్ళు. స్కోప్ బాక్సు మీద సెకనుకి ఒక గిగా శాంపిల్ అని రాసి ఉన్నా, ఆ వేగం డివిజన్‌కి 250 నానోసెకన్లు లేదా అంతకన్నా వేగమైన టైమ్‌బేస్‌లోనే దొరుకుతుంది.

అక్వైర్ మెనూలో పీక్ డిటెక్ట్ ఉన్నది ఇందుకే. అది ఆన్ చేస్తే స్కోప్ నెమ్మది టైమ్‌బేస్‌లో కూడా లోపల వేగంగానే శాంపిల్ చేస్తూ, ప్రతి సందులోనూ వచ్చిన గరిష్ఠ, కనిష్ఠ విలువలను దాచుకుంటుంది. పది నానోసెకన్ల చుట్టుపక్కల గ్లిచ్ కూడా నిలువు గీతలా నిలుస్తుంది. ఆకారం సరిగ్గా రాదు, కానీ ఉందా లేదా, ఎప్పుడు వచ్చింది అన్నవి తెలుస్తాయి.

కాబట్టి రెండు విడతల్లో చేయండి. మొదట డివిజన్‌కి 5 మిల్లీసెకన్లు, పీక్ డిటెక్ట్ ఆన్. హారిజాంటల్ పొజిషన్ నాబ్‌తో ట్రిగర్ బిందువును తెర కుడి చివరకు జరపండి, అప్పుడు గ్లిచ్‌కి ముందు ఏం జరిగిందో ఎక్కువగా దొరుకుతుంది. రెండో ఛానెల్‌ని రిలే నడిపే ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర పెట్టండి. ఈ విడతలో సందర్భం తెలుస్తుంది. రెండో విడతలో డివిజన్‌కి 1 మైక్రోసెకనుకి వచ్చి, పీక్ డిటెక్ట్ తీసేసి, ఆకారం చూడండి.

5 వోల్టుల లైన్ మీదా రీసెట్ పిన్ మీదా ఏమీ దొరకకపోయినా బోర్డు రీసెట్ అవుతూనే ఉంటే ఫర్మ్‌వేర్ చేతే ట్రిగర్ ఇప్పించండి. ప్రోగ్రామ్ మొదటి లైన్లో ఖాళీగా ఉన్న ఒక పిన్‌ని హై చేసి, దాన్ని స్కోప్ ఎక్స్‌ట్ ట్రిగర్‌కి (బయటి సిగ్నల్‌తో ట్రిగర్ చేసే ఇన్‌పుట్) ఇవ్వండి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: క్రిస్టల్‌తో నడిచే ఏటీమెగాలో స్టార్టప్ డిలే ఫ్యూజ్ సాధారణంగా 65 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది. అంటే అసలు సంఘటన ట్రిగర్‌కి కనీసం అంత ముందు జరిగింది. డివిజన్‌కి 10 మిల్లీసెకన్లు పెట్టి, ట్రిగర్‌ని తొమ్మిదో డివిజన్ దగ్గర ఉంచితే 90 మిల్లీసెకన్ల గతం దొరుకుతుంది. ఇక్కడ శాంపిళ్ల మధ్య 40 మైక్రోసెకన్లు కాబట్టి పీక్ డిటెక్ట్ తప్పనిసరి.

సీఆర్‌ఓ మాత్రమే ఉంటే

అనలాగ్ స్కోప్‌కి శాంపిళ్ల గొడవ లేదు, స్వీప్‌ల మధ్య విరామం కూడా తక్కువ. కానీ గతం చూపించదు, జ్ఞాపకం ఉంచుకోదు. ట్రిగర్ సెట్టింగులు పైన చెప్పినవే: నార్మ్, మైనస్ స్లోప్, పట్టీ కింద లెవెల్. గ్లిచ్ వచ్చినప్పుడు బీమ్ ఒక్కసారి తెర మీదుగా పరిగెడుతుంది. డివిజన్‌కి 1 మైక్రోసెకను దగ్గర ఆ వెలుగు చాలా మసకగా ఉంటుంది. గది చీకటి చేసి, తెర చుట్టూ నల్ల కాగితం గొట్టం కట్టి, దాని చివర ఫోన్ పెట్టి వీడియో తీయండి. తర్వాత ఫ్రేములు ఒక్కొక్కటిగా తిప్పితే గీత దొరుకుతుంది. ఇంటెన్సిటీ పెంచవచ్చు కానీ, బీమ్ ఒకేచోట చుక్కలా నిలబడితే ఫాస్ఫర్ కాలిపోతుంది, జాగ్రత్త.

గతం కావాలంటే గ్లిచ్ మీద కాకుండా దాని కారణం మీద ట్రిగర్ పెట్టాలి. రిలే డ్రైవ్ సిగ్నల్‌ని ఎక్స్‌ట్ ఇన్‌పుట్‌కి ఇచ్చి, డివిజన్‌కి 2 మిల్లీసెకన్లతో 5 వోల్టుల లైన్ చూడండి. రిలేని ప్రోగ్రామ్‌తో సెకనుకోసారి కొట్టిస్తూ ఉంటే గీత పదే పదే అదే చోట పడుతుంది.

వల పనిచేస్తోందా?

సింగిల్ (ఒక్క ట్రిగర్ పట్టుకుని ఆగిపోయే మోడ్) నొక్కి వెళ్ళిపోయే ముందు ఒక నకిలీ గ్లిచ్ పుట్టించండి. పూర్తిగా డిస్చార్జ్ చేసిన 47 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని, పోలారిటీ చూసుకుని, 5 వోల్టుల లైన్‌కీ గ్రౌండుకీ మధ్య ఒక్క క్షణం తగిలించండి. అది ఛార్జ్ అయ్యే తొలి క్షణంలో లైన్ కుంగుతుంది, స్కోప్ ట్రిగర్ అవ్వాలి. కాకపోతే రాత్రంతా వదిలేసినా ఏమీ దొరకదు, సెట్టింగులు మళ్ళీ చూసుకోండి. ట్రిగర్ అయితే, సింగిల్ మళ్ళీ నొక్కి వదిలేయండి.

గ్లిచ్ రావడం ఆలస్యమైతే రెచ్చగొట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి, ప్లాస్టిక్ కడ్డీతో కనెక్టర్లను మెల్లగా తట్టండి, అదే ప్లగ్ బోర్డులో మిక్సీ వేసి ఆపండి. మన పల్లెల్లో సాయంత్రం మోటార్లన్నీ నడిచేవేళ వోల్టేజీ బాగా పడిపోతుంది. వేరియాక్‌తో (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) అడాప్టర్ ఇన్‌పుట్‌ని 180 వోల్టులకు దించితే ఆ పరిస్థితి టేబుల్ మీదే వస్తుంది.

దొరికినదాన్ని చదవడం

తెర మీద గ్లిచ్ నిలిచింది. వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి, రెఫ్ మెమరీలో సేవ్ చేయండి. ఇప్పుడు చూడాల్సింది గ్లిచ్ ఎత్తు కాదు, రిలే డ్రైవ్‌కీ దానికీ మధ్య ఉన్న సమయం.

డ్రైవ్ ఆన్ అయిన క్షణంలోనే లైన్ కుంగితే రిలే కాయిల్ లాగే కరెంటుకి సప్లై తట్టుకోవడం లేదు. అడాప్టర్ బలహీనంగా ఉండవచ్చు, 7805 (5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్) ముందున్న కెపాసిటర్ ఎండిపోయి ఉండవచ్చు. డ్రైవ్ ఆఫ్ అయిన క్షణంలోనే స్పైక్ వస్తే కాయిల్‌కి అడ్డంగా ఉండాల్సిన 1ఎన్4007 డయోడ్ లేదు, లేదా తెగిపోయింది.

డ్రైవ్ మారిన క్షణంలో ఏమీ లేకుండా, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత వస్తే అది ఆసక్తికరమైన సంగతి. చిన్న రిలే కాయిల్‌కి కరెంటు అందాక కాంటాక్టులు కలవడానికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది, విడిపోవడానికి కూడా కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అంటే నేరం రిలే కాయిల్‌ది కాదు, కాంటాక్టులది. కాంటాక్టర్ కాయిల్‌ని తెంచినప్పుడు రిలే కాంటాక్టుల మధ్య ఆర్క్ పుట్టి ఆరిపోయి మళ్ళీ పుడుతుంది. దగ్గరగా చూస్తే ఒక్క స్పైక్ ఉండదు, సన్నటి సూదుల గుంపు ఉంటుంది, మొదట దట్టంగా, పోనుపోను దూరదూరంగా, ఎత్తు పెరుగుతూ. ఐఈసీ 61000-4-4 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని బర్స్ట్ టెస్టు అనుకరించేది ఈ గుంపునే. అందులో ఒక్కో పల్స్‌కి రైజ్ టైమ్ 5 నానోసెకన్లు, వెడల్పు 50 నానోసెకన్లు. 60 మెగాహెర్ట్జ్ స్కోప్ వాటిని కాస్త మొండిగా చూపిస్తుంది, గుర్తుపట్టడానికి అది చాలు.

ఈ నమూనాకి మందు కాంటాక్టర్ కాయిల్ దగ్గరే వేయాలి: 100 ఓమ్‌ల రెసిస్టర్, దానితో సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్‌కి తగిన రకం) కెపాసిటర్, కాయిల్‌కి అడ్డంగా. దీన్నే రిలే కాంటాక్టులకు అడ్డంగా పెడితే, కాంటాక్టులు తెరిచి ఉన్నా 230 వోల్టుల దగ్గర 7 మిల్లీఆంపుల వరకు కరెంటు లీకవుతుంది, చిన్న కాంటాక్టర్ గుయ్‌మంటూ ఉండిపోవచ్చు.

సప్లై బాగానే ఉండి, పల్సులు తేడాగా ఉంటే

ఫ్లో సెన్సర్ లాంటి పల్స్ సిగ్నల్‌లో మధ్యమధ్య సన్నటి పల్స్ దూరుతుంటే వోల్టేజీ లెవెల్‌తో పట్టుకోలేం, మంచి పల్సూ చెడ్డ పల్సూ ఒకే ఎత్తు. కొత్త స్కోపుల్లో పల్స్ విడ్త్ ట్రిగర్ ఉంటుంది, టీడీఎస్ 210లో లేదు. బ్రెడ్‌బోర్డ్ మీద కట్టుకోవచ్చు. 74హెచ్‌సీ123 మోనోస్టేబుల్‌ని (ట్రిగర్ అయితే మనం పెట్టిన సమయం పాటు హైలో ఉండే ఐసీ) సిగ్నల్ పైకి లేచే అంచుతో ట్రిగర్ చేసి, దాని అవుట్‌పుట్‌ని 74హెచ్‌సీ74 ఫ్లిప్‌ఫ్లాప్ (క్లాక్ వచ్చిన క్షణంలో డీ పిన్ విలువను పట్టి ఉంచేది) డీ పిన్‌కి ఇవ్వండి. అదే సిగ్నల్‌ని 74హెచ్‌సీ14తో తిరగేసి క్లాక్‌కి ఇవ్వండి. సిగ్నల్ దిగే సమయానికి మోనోస్టేబుల్ ఇంకా హైలో ఉంటే పల్స్ మీరు పెట్టిన సమయం కంటే సన్నగా ఉన్నట్టు, ఫ్లిప్‌ఫ్లాప్ హై అవుతుంది, దాన్ని ఎక్స్‌ట్ ట్రిగర్‌కి ఇవ్వండి. పల్స్ తప్పిపోవడమే సమస్య అయితే ఫ్లిప్‌ఫ్లాప్ కూడా అక్కర్లేదు: మోనోస్టేబుల్ సమయాన్ని రెండు పల్సుల మధ్య దూరం కంటే కాస్త ఎక్కువ పెడితే, పల్స్ తప్పినప్పుడే దాని అవుట్‌పుట్ పడిపోతుంది.

రిపేరు అయ్యాక

అదే ప్రోబ్, అదే చోటు, అదే లెవెల్. రిలేని నిమిషానికి కొన్నిసార్లు కొట్టించే చిన్న ప్రోగ్రామ్ వేసి, నార్మల్ మోడ్‌లో వదిలేయండి. మైనస్ 300 దగ్గర ట్రిగర్ రాకపోతే లెవెల్‌ని మెల్లగా పట్టీ వైపు జరపండి, మైనస్ 250, మైనస్ 200, ఒక్కో చోట కాసేపు ఆగుతూ. ఎక్కడ ట్రిగర్ అవడం మొదలవుతుందో అది ఇప్పుడు మిగిలి ఉన్న డిప్ లోతు. మైనస్ 150 దగ్గర మొదలైతే బ్రౌన్‌ఔట్‌కి ఇంకా 550 మిల్లీవోల్టుల దూరం ఉంది. ఆ అంకెను, రిపేరుకి ముందున్న అంకెను, రెండింటినీ జాబ్ కార్డు మీద రాయండి. ఆరు నెలలకు అదే బోర్డు మళ్ళీ వస్తే కొలవాల్సిన మొదటి విలువ అదే.